పుల్లటి నీళ్ళ ఎరుపు

కొత్తవాడలో లక్ష్మీనర్సమ్మ అద్దిన ఎరుపుకు ఎదురులేదని చెప్పుకునే రోజులవి. మొగుడు పోయాక రంగు గాబులు, ఆ పెద్ద తొట్లన్నీ, ఆమె చేతికొచ్చాయి. ఆడమనిషి గాబు దగ్గర ఏం నిలుస్తుందిలే అని పెదవి విరిచిన పెద్దమనుషులే, ఏడాది తిరక్కుండా తమ నూలు మోసుకొచ్చి ఆమె వాకిట్లో పెట్టారు. జంపఖానాలకు నూలు, తివాచీలకు ఉన్ని, రెండూ ఆమే అద్దేది. తల్లి లేని మరిది మొగిలయ్యను కూడా ఆ గాబుల మీదే పెంచి పెద్దచేసింది.

మొగిలయ్యకు మగ్గం రుచించలేదు. వాడ వెనక ఒక చిన్న పవర్ హౌస్ ఉండేది. బొగ్గు కాల్చి, నీళ్ళను ఆవిరి చేసి, కరెంటు తీసేవారు. అందులో నీళ్ళ వాల్వులు తిప్పే పనికి కుదిరాడు. ఇంకా పర్మినెంటు కాలేదు. అవ్వాలని వదిన మొక్కని దేవుడు లేడు. బాయిలర్ అడుగున చేరే మడ్డి పోవడానికి రోజూ పొద్దున్నే కొన్ని వేడినీళ్ళు బయటికి వదిలేవారు. అవి పొగలు కక్కుతూ వాడ అంచునే కాలువలో పారేవి. అద్దకానికి వేడినీళ్ళు కావాలి, కట్టెలకేమో కరువు. ఇంకేం, అద్దకం పని చేసే ఆడవాళ్ళంతా బిందెలతో కాలువలోకి దిగేవారు. వదిన వచ్చేదాకా ఆగి మరీ వాల్వు తిప్పేవాడు మొగిలయ్య. లక్ష్మీనర్సమ్మకు అది చూసి కాస్త గర్వంగానే ఉండేది. ఎందుకుండదూ?

డెబ్బై ఎనిమిదిలో అక్కడ నీళ్ళు శుద్ధిచేసే కొత్త యంత్రం పెట్టారు. నీళ్ళలోని సున్నం బాయిలర్ గొట్టాలలో పేరుకుపోతోందట. ఈ యంత్రం ఆ సున్నాన్ని పట్టేస్తుంది. దాన్నేమో అప్పుడప్పుడూ తేజాబు, అదే యాసిడ్, కలిపిన నీళ్ళతో కడగాలి. కడిగిన నీళ్ళను గుంతలో ఆపి, పులుపు విరిగేలా సున్నం కలిపాకే బయటికి వదలాలన్నది రూలు. కొన్నాళ్ళు అలాగే చేశారు. తర్వాత గుంత బీటలిచ్చింది. బాగుచేసే నాథుడు లేడు.

"కాలువలో వదిలెయ్. ఆ నీళ్ళు ఎవడు తాగుతాడు?" అన్నాడు ఇంజనీరు.

మొగిలయ్య వదిలేశాడు. పర్మినెంటు కావలసినవాడు ఎదురు మాట్లాడతాడా? ఇంటికొచ్చి వదినతో మాత్రం, "నీళ్ళు పుల్లగ వస్తానయి వదినె, జర చూస్కో" అన్నాడు.

మర్నాడు లక్ష్మీనర్సమ్మ కాలువలో వేలు ముంచి నాలుకకు తాకించింది. అద్దకంవాళ్ళు నీళ్ళను ఎంచేది నాలుకతోనే. పుల్లగా జివ్వుమంది. ఇంకొకరైతే థూ అని ఉమ్మేసేవారు. ఆమె ముఖం మాత్రం వెలిగిపోయింది. ఉన్నికి రంగు పట్టాలంటే గాబులో పులుపు పడాల్సిందే మరి.

"పిచ్చోడా, గివి మంచి నీళ్ళేరా! ఫికర్ చెయ్యకు" అంది మరిదితో.

ఉన్ని నిప్పులా ఎరుపెక్కింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ నీళ్ళలోనే నూలూ అద్దింది, ఆ నీళ్ళలోనే జాడించింది. ఉన్నికి పడే పులుపు నూలుకు పడదని ఆమెకు తెలియదు. నూలు ఎండాక ఆ తేజాబు పోగులోనే మిగిలి, లోలోపల తినేస్తుంది. పైకి మాత్రం రంగు మెరుస్తూనే ఉంటుంది.

కొన్నాళ్ళకు నేతగాడు కొమురెల్లి ఒక జంపఖానా మోసుకొచ్చి ఆమె వాకిట్లో పడేశాడు. అంచు పట్టి లాగితే చర్రున చినిగింది.

"ఏం కలిపినవ్ లక్ష్మీనర్సమ్మా? పోగు పోగంత పుచ్చిపోయింది. నీ చేతిని నమ్ముకుంటి గదా!"

ఆమె ఇంట్లో మిగిలిన నూలును లాగి చూసింది, పుటుక్కున తెగింది. అదే గాబులో అద్దిన ఉన్ని గట్టిగానే ఉంది. రంగు అదే, చెయ్యి అదే. నీళ్ళ పులుపే నూలును తినేసిందని అర్థమైంది. కొమురెల్లి వెళ్ళాక మొగిలయ్య కంచం ముందునుంచి లేచొచ్చాడు.

"నీళ్ళ మాట బయటవెట్టకు వదినె. ఇంజనీరు తప్పించుకుంటడు. నన్ను తీసేస్తరు."

పెంచిన ప్రాణం. ఆమె వాడకంతా ఈసారి కొన్న రంగు మంచిది కాదనీ, చూసుకోని తప్పు తనదేననీ చెప్పింది. నూలు రావడం ఆగిపోయింది. గాబులు ఎండిపోయాయి. అయినవాళ్ళే ముఖం చాటేశారు. అయినా ఓర్చుకుంది.

ఓర్చుకోలేనిది ఒకటే. ఆమెకు రావలసిన నూలు, ఇన్నాళ్ళూ ఉన్ని మాత్రమే అద్దిన పక్కింటి కట్టమ్మకు పోసాగింది. కట్టమ్మ ఆ కాలువ నీళ్ళే నింపుకుంటోంది, ఆమెతోపాటు మిగతావాళ్ళూను. "గుంత బాగుచేస్తమన్నరా?" అని లక్ష్మీనర్సమ్మ అడిగినప్పుడల్లా, "అడుగుతాన" అనేవాడు మొగిలయ్య. ఏం అడిగాడో ఏమో, పులుపు మాత్రం ఆగలేదు. తన నోరు మూసుకుంటే వాడంతా మునుగుతుందని ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఒక పొద్దున కాలువలోకి దిగి, కట్టమ్మ బిందె పట్టుకుంది.

"పారబొయ్యి కట్టమ్మా. నా నూలును తిన్నది గీ నీళ్ళే. తేజాబున్నది గీట్ల."

"నీ గాబులెండినయని మా కడుపు కొడ్తానవా అక్కా? గంత తెలిస్తే గప్పుడే ఎందుకు చెప్పలే?"

నిజమే, ఎందుకు చెప్పలేదు? లక్ష్మీనర్సమ్మ తల వంచుకుంది. వంచిన తలకు తన చీర కుచ్చిళ్ళు కనబడ్డాయి. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళలో నానిన నూలు చీరే. అంచు పట్టి లాగింది. చప్పుడైనా కాకుండా పీలిక చేతిలోకొచ్చింది. కట్టమ్మ చూసింది. మెల్లగా వంగి తన అంచూ లాగింది. అదీ ఊడొచ్చింది. ఒక్కొక్కరే తమ కుచ్చిళ్ళు పట్టి చూసుకున్నారు. గట్టు మీది ముళ్ళకు చినుగుతున్నాయనుకున్నారు ఇన్నాళ్ళూ. అందరూ బిందెలు వంపేశారు. పవర్ హౌస్ పిట్టగోడ అవతల వాల్వు దగ్గర నిలబడి మొగిలయ్య అంతా చూస్తూనే ఉన్నాడు.

మగవాళ్ళు పవర్ హౌస్ గేటు దగ్గరికి పోయారు. కూలీవాడు తన ఇంటివాళ్ళ కోసం అడక్కుండా వాల్వు తిప్పాడని చెప్పి ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు. మొగిలయ్యను తీసేశారు. గుంత మాత్రం బాగుచేయలేదు. పైపు వేసి, ఆ నీళ్ళనే పొలాల అవతలి వాగులో కలిపారు. అక్కడెవరు ముంచుకుంటున్నారో అడిగినవాడు లేడు.

కొమురెల్లి మళ్ళీ నూలు తెచ్చి వాకిట్లో పెట్టిన రోజునే మొగిలయ్య బట్టలు మూటగట్టుకున్నాడు. అడవిలో కలప పని దొరికిందట, ఏటూరునాగారం పోతున్నాడు. గడప దాటుతూ ఆగాడు.

"నీ కడుపున పుట్టినోన్నైతే గిట్ల చేస్తుంటివా వదినె?"

"కడుపున పుట్టినోడివైతే మొదటి రోజే వాడకు చెప్తుంటి బిడ్డా" అంది లక్ష్మీనర్సమ్మ. "తల్లి లేనోని కూడు పోగొట్టిందంటరనే గన్ని దినాలు నోరు మూసుకున్న. ఊరందరి నూలు ముంచిన."

మొగిలయ్యకు ఆ మాట ఎక్కలేదు. మూట భుజానేసుకుని వెళ్ళిపోయాడు. లక్ష్మీనర్సమ్మ కొమురెల్లి నూలు ముట్టుకోకుండా, పొద్దుగూకేదాకా ఆ గడపలోనే కూర్చుండిపోయింది.