ఇద్దరు కొమురయ్యలు, ఒక ఫ్లెక్సీ

“నువ్వు సచ్చిపోయినవ్ గదనే, మల్ల చాయ్ ఏంది?”

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చాయ్ బండి నడిపే శాంతాబాయి, 2011 అక్టోబరులో ఒక పొద్దున గొరిగె కొమురయ్యను అడిగిన మాట ఇది. ఎగతాళి కాదు. గ్లాసు చేతికివ్వకుండా బండి చివరన పెట్టి, చెయ్యి వెనక్కి లాక్కుని మరీ అడిగింది.

“ఎవలు జెప్పిన్రు?” అన్నాడు కొమురయ్య.

“ఎవలో జెప్పుడేంది? ఉప్పల్ చౌరస్తాల నీ ఫొటో పెట్టిన్రు. దండేసిన్రు. మొన్న ఆటోల పోతుంటె సూసి ఏడ్సిన గూడ. ఇప్పుడు ఆ ఏడుపు ఎవలకు పెట్టుకోవాలె?”

కొమురయ్య చాయ్ తాగలేదు. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సుల్లేవు. నడుచుకుంటూ ఉప్పల్ పోయాడు. చౌరస్తాలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద తన ముఖం, తలుపంత. నుదుట మల్లన్న బండారి, పసుపు బొట్టు. కింద ‘అమరవీరుడు గొరిగె కొమురయ్యకు జోహార్లు’. ఇంకా కింద, పిడికిలెత్తిన బస్తీ నాయకుడు నరేందర్. చచ్చినవాడి ముఖం కంటే నరేందర్ ముఖం కాస్తే చిన్నది.

పేరు సరైనదే. వారం కింద చనిపోయినవాడు గొరిగె కొమురయ్యే. ముఖం మాత్రం బతికున్న గొరిగె కొమురయ్యది.

ఏలినవాళ్లతో ఈ చిక్కు రాదు. హైదరాబాదును ఏలిన ఏడుగురు ఒకే బిరుదు తగిలించుకుంటే, వాళ్లకు నంబర్లు వేసి బడిలో బట్టీ పట్టాం. గొర్లకాపరుల ఇళ్లలో నంబర్లు వేసేవాడు ఉండడు. చేర్యాల దగ్గరి ఒక ఊళ్లో గొరిగె కొమురయ్య అనే ముసలాయన కొమురవెల్లి మల్లన్న పేరు మోసి, జీవితమంతా గొర్లు కాసి, ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు తనకు పుట్టినవాడికి తండ్రి పేరు పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు చిన్నకొడుక్కీ కొడుకు పుట్టాడు. “నాయిన నీ ఒక్కనికే నాయినా?” అని ఆయనా అదే పేరు పెట్టాడు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. అట్లా ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు ఒకే వాకిట్లో పెరిగారు.

ఆ వాకిట్లో ఆ పేరు మాత్రం అరుదుగా వినిపించేది. కోడళ్లు మామ పేరు పలకరు. మామ పోయినా పలకరు. అందుకని తల్లులిద్దరూ తమ కొడుకులను ‘తాతా’ అని పిలిచేవాళ్లు. “తాతా, బువ్వకు రా” అంటే ఇద్దరూ ఉరికొచ్చేవాళ్లు. పెద్ద కొమురయ్యకు పెళ్లయ్యాక భార్య రాములమ్మ కూడా ఆ పేరు ఎత్తలేదు. ఆమెకు అది మొగుడి పేరు. “కావ్య వాళ్ల నాయినా” అని బిడ్డ మీదుగా పిలిచేది. మనిషికి పేరు పెట్టేదే పిలవడానికి అనుకుంటాం. ఈ ఇంట్లో మాత్రం పిలవకుండా ఉండడానికే ఆ పేరు పెట్టారు.

పెద్ద కొమురయ్య 2003లో నాచారం వచ్చి, ప్లాస్టిక్ బకెట్లు పోసే ఒక కంపెనీలో మిషన్ మీద కుదిరాడు. తర్వాత తమ్ముణ్నీ అక్కడికే పిలిపించుకున్నాడు. సూపర్‌వైజర్ ఆ ఇద్దరికీ పెద్ద, చిన్న అని తగిలించాడు. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. చిన్నవాడికి తండ్రి లేడు, పెళ్లి కాలేదు. తల్లి లక్ష్మీనర్సమ్మను తెచ్చుకుని మల్లాపూర్‌లో ఒక గదిలో ఉండేవాడు.

సమ్మె రోజుల్లో ఒకనాడు కంపెనీ బంద్. మీటింగుకు లారీ పోతోంది. దోస్తులంతా ఎక్కుతున్నారు, మధ్యాహ్నం పులిహోర పొట్లం ఇస్తారు. చిన్న కొమురయ్యా ఎక్కాడు. రాష్ట్రం రావాలని అందరిలాగే అతనూ అనుకునేవాడు. దానికోసం చావాలని మాత్రం అనుకోలేదు. వచ్చేటప్పుడు లారీ అంచు మీద కూర్చున్నాడు. రామంతాపూర్ దగ్గర చక్రం గుంతలో పడి బండి ఎగిరింది, అతను రోడ్డు మీద పడ్డాడు. దవాఖానాకు చేరేసరికి ప్రాణం లేదు.

పెద్ద కొమురయ్య తమ్ముడి శవం కోసం దవాఖానా లోపల తిరుగుతుండగా, నరేందర్ బయట లక్ష్మీనర్సమ్మ దగ్గరకొచ్చాడు. ఆమెను ఆటోలో గదికి తీసుకుపోయి ఫొటో అడిగాడు. గోడకున్న ఫొటో ఒక్కటే. కొమురవెల్లి జాతరలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి దిగింది.

“ఇండ్ల కొమురయ్య ఎవలమ్మా?”

“ఇద్దరు గాయిననే,” అంది ఆమె.

దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాడు నరేందర్. ఫొటో పట్టుకుపోయి ఫ్లెక్సీ షాపులో ఇచ్చాడు. ఒకడు డప్పుల వైపు తల తిప్పి ఉన్నాడు. ఇంకొకడు కెమెరాను సూటిగా చూస్తున్నాడు. షాపువాడు సూటిగా చూసేవాణ్ని కత్తిరించాడు. అన్న ముఖం చౌరస్తాకెక్కింది. పెద్ద కొమురయ్య ఆ వారమంతా ఊళ్లో దినాల పనిలో ఉన్నాడు, తిరిగొచ్చిన పొద్దున శాంతాబాయి చెప్పేదాకా అతనికి తెలియదు.

సంతాపసభ కూడా అతను లేనప్పుడే జరిగింది. నరేందర్ మైకు పట్టుకుని 1946 దాకా వెళ్లాడు. కడవెండిలో తుపాకీ గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్యను తలచుకున్నాడు. “నాడు భూమి కోసం ఒక కొమురయ్య, నేడు రాష్ట్రం కోసం ఒక కొమురయ్య. ఆ పేరే త్యాగానికి పుట్టింది!” అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆ పేరు త్యాగానికి పుట్టలేదు. తల్లులు మల్లన్నకు మొక్కుకుంటే పుట్టింది. ఆ ఇద్దరి నడుమ అరవై అయిదేళ్లలో గొర్లు కాసి, రాళ్లు మోసి, బకెట్లు పోసి మామూలుగా చచ్చిపోయిన కొమురయ్యలు వేలమంది. వాళ్లెవరూ ఉపన్యాసానికి పనికిరారు. ఆ ఊపులోనే నరేందర్, బస్తీ ఉద్యమ కమిటీ తరఫున అమరుడి తల్లికి లక్ష రూపాయలు ఇస్తామని ప్రకటించాడు. కంపెనీల్లో, కాలనీల్లో చందాలు మొదలయ్యాయి.

పెద్ద కొమురయ్య నరేందర్‌ను వెతికి పట్టుకున్నాడు.

“గది నా మొకమే అన్నా. మా తమ్ముంది గాదు.”

నరేందర్ అతణ్ని పైనుంచి కిందిదాకా చూశాడు. “అరె, నిజమే. జర లొల్లి చెయ్యకు అన్నా. మొకం ఏదైతేంది? త్యాగం త్యాగమే గద.”

“మా చిన్నమ్మ రోజు గా తొవ్వనే పోతది. కొడుకు జాగల నేనున్న.”

“మారుస్త. గని ఒక మాట. చందా వసూలయ్యేదాంక నాచారంల ఎక్కువ తిరగకు. ఊరికి పో. చచ్చినోడు చాయ్ తాగుతున్నడంటె పైసలు ఎవడిస్తడు?”

ఫ్లెక్సీ మారలేదు. ఇంకో మీటింగు ఫ్లెక్సీకి ఆ స్తంభం కావాల్సొచ్చినప్పుడు దాన్ని విప్పి, చుట్టి, కొమురయ్య ఇంటికి పంపారు. రాములమ్మ దాన్ని లోపలికి రానివ్వలేదు. తర్వాత బయటా ఉండనివ్వలేదు. మొగుడి ముఖం కాబట్టి కాల్చలేకపోయింది. చింపలేకపోయింది. చెత్తబండిలో వేద్దామంటే జవహర్‌నగర్ చెత్తగుట్టల మీద పందులు తొక్కుతాయని భయం. చివరికి ముఖం లోపలికొచ్చేలా మడిచి అటక మీద పెట్టింది. ఆ రోజు నుంచి కొమురయ్య అటక కింద పడుకోలేదు.

అంతకంటే కష్టం ఇంకొకటి మొదలైంది. లక్ష్మీనర్సమ్మ రోజూ సాయంత్రం మల్లాపూర్ నుంచి నడిచొచ్చి వాకిట్లో నిలబడేది. “తాతా” అని పిలిచేది. చిన్నప్పటి నుంచి ఇద్దరికీ పలికే పిలుపే. ఇప్పుడు ఉన్నది ఒక్కడే. కొమురయ్య “ఆఁ చిన్నమ్మా” అనేవాడు. ఆమె తృప్తిగా కూర్చునేది. కంచంలో అన్నం పెడితే తినేది. కొడుకు పోయిననాటి నుంచి ఒక్కసారీ గొంతెత్తి ఏడ్వలేదు. పిలిస్తే పలుకుతున్నవాడి కోసం ఎవరు ఏడుస్తారు?

“నువ్వు పలకకు,” అంది రాములమ్మ ఒకరోజు.

“పలకకపోతె రెండోపాలి సంపినట్టే గదనే.”

“పలికితె నువ్వు పోయినట్టు. గా అటక మీదున్నది సాలదా?”

ఈలోగా చందాలిచ్చినవాళ్లు కొమురయ్యను గేటు దగ్గర చూస్తున్నారు. ఫ్లెక్సీ ముఖం వాళ్లకు గుర్తుంది. ముసలామె, ఈ మనిషీ కలిసి చావు నాటకమాడారని మాట పుట్టింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి, నాచారంలో దొంగైంది. డబ్బు సంగతి తర్వాత. ఆమె కొడుకు నిజంగా చచ్చిపోయాడని నమ్మే మనిషి ఆ వీధిలో కరువయ్యాడు. కొమురయ్యకు నిద్ర పట్టకుండా చేసింది అదే.

తేల్చుకోవడానికి నాచారం కమ్యూనిటీ హాల్లో కూర్చున్నారు. కమిటీ కోశాధికారి జనార్ధనరావు, మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. మంచివాడే, లెక్క తప్పనివాడు.

“ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టుకుంటారా ఎవరైనా?” అన్నాడు.

“మా తాత పేరు సార్. ఇద్దరం మనుమలమే,” అన్నాడు కొమురయ్య.

“సరే. ఈ గొడవంతా ఎందుకు? తల్లి ఉంది కదా. అమ్మా, పోయిన మీ అబ్బాయి పేరు మీ నోటితో చెప్పండి. నేను రాసుకుంటాను.”

లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పమ్మా.”

“మా మామ పేరే సార్.”

“మీ మామగారి పేరేంటి?”

“మామ పేరు ఎట్ల జెప్తరు సార్?”

వెనక బెంచీల్లో నవ్వారు. “అగో, కొడుకు పేరు యాదికి లేదంట,” అన్నాడొకడు. “పేరు యాదికి లేదు గని లక్ష యాదికున్నది,” అన్నాడు ఇంకొకడు. నరేందర్ సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. జనార్ధనరావు పెన్ను మూత పెట్టబోయాడు. ఆమె కొంగు తియ్యలేదు. పెళ్లై వచ్చిన రోజు నుంచి దాటని గీత అది. దాటితే కొడుకు పేరు పక్కన ‘సచ్చిపోయిండు’ అని కూడా తనే అనాలి.

కొమురయ్య లేచాడు. కంపెనీ ఐడీ కార్డు చొక్కా జేబులోనే ఉంది, పేరుతో సహా.

“ఇందాకటి మాట ఇడువున్రి సార్, నా పేరు మల్లేశం,” అన్నాడు. “కొమురయ్య అంటె మా చిన్నమ్మ కొడుకు ఒక్కడే. గొరిగె కొమురయ్య. లారీ మీదికెల్లి పడి సచ్చిపోయిండు. రాసుకోన్రి.”

హాల్లో సగంమంది అతనితో ఏళ్లుగా పని చేసినవాళ్లు. అందరికీ తెలుసు. సూపర్‌వైజర్ నేల చూశాడు. ఒక్కరూ కాదనలేదు. వెనక నుంచి శాంతాబాయి గొంతు వచ్చింది: “అవు సార్, మల్లేశమే. రోజు నా కాడ చాయ్ తాగుతడు.” నిజం ఎంత చెప్పినా నమ్మనివాళ్లు అబద్ధాన్ని ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు. జనార్ధనరావు రాసుకున్నాడు.

అప్పుడు లక్ష్మీనర్సమ్మ ఏడ్చింది. పేరు వింది, పక్కనే చావు వింది. నేల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ, హాలు దద్దరిల్లేలా ఏడ్చింది. రాములమ్మ ఆమెను పట్టుకుంది. కొమురయ్య దగ్గరికి పోబోయి ఆగాడు. తన పేరు మీద పడుతున్న ఏడుపు అది, నిలబడి వినడం తప్ప ఏం చేయాలో అతనికి తెలియలేదు.

ఆ తర్వాత నాచారంలో అతను మల్లేశమే అయ్యాడు. మొదట్లో మర్యాదకు అలా పిలిచారు, తర్వాత అలవాటైంది. లక్ష్మీనర్సమ్మ ఇంకా సాయంత్రాలు వచ్చేది. ‘తాతా’ అనడం మాత్రం మానేసింది. ఇప్పుడు ఆమెకు అడ్డం లేదు, ఆ పేరు ఏ మామదీ కాదు. వాకిట్లో నిలబడి, బస్తీ అంతా వినిపించేలా “మల్లేశం!” అని పిలిచేది. తనింట్లో ఆడగొంతు తనను పేరు పెట్టి పిలవడం అతనికి అదే మొదలు. పలికే ముందు ప్రతిసారీ ఒక క్షణం ఆగేవాడు, లోపల నుంచి ఇంకెవరైనా వస్తారేమో అన్నట్టు.

ఉప్పల్ బస్టాండులో ఎవరైనా “కొమురయ్యా!” అని కేకేస్తే తల తిప్పేవాడు కాదు. మెడ బిగించి నిలబడి, ఎవరు తిరుగుతారో చూసేవాడు. ఎవరో ఒకరు తిరిగేవారు. ఒక ముసలాయన, ఒక మేస్త్రీ, ఒకసారి కాలేజీ పిల్లవాడు. జాతరకు పోయినప్పుడు, మల్లన్న ముందు రంగుల ముగ్గుతో పట్నం వేసే ఒగ్గు పూజారి ఎవరి పేరు మీద వేయాలని అడిగాడు. అతను రాములమ్మ వైపు చూశాడు. ఆమె ముగ్గు వైపు చూసింది. చివరికి బిడ్డ పేరు చెప్పి వచ్చారు.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఉప్పల్‌లో టపాకాయలు కాల్చారు. నరేందర్ వేదిక మీద అమరుల పేర్లు చదివాడు. “గొరిగె కొమురయ్య” అన్నప్పుడు జనం జోహార్ అన్నారు. జనంలో నిలబడ్డ మల్లేశం కూడా పిడికిలెత్తి, అందరితో పాటు జోహార్ అన్నాడు. లక్ష్మీనర్సమ్మకు శాలువా కప్పి, ఒక మెమెంటో చేతిలో పెట్టారు. ఆమె దిగొచ్చి శాలువా తీసి మల్లేశం భుజాన వేసింది, ఎండగా ఉందని.

ప్రకటించిన లక్షలో ఆమెకు ముట్టింది ముప్పై వేలు. మిగతా డెబ్బై వేలు కమిటీ ఇంకా ఇవ్వాలి.