వానకు చెరగని బొట్టు

నా వేలికి అంటిన కుంకుమ గరగరలాడింది. మెత్తగా ఉండాల్సింది సన్నటి ఇసకలా తగిలింది. రంగు కూడా ఎరుపు కాదు, ఇటుక పొడి రంగు. నా ఒక కాలు లారీ మెట్టు మీద ఉంది, ఒకటి నేల మీద ఉంది. పిల్లలిద్దరూ అప్పటికే క్యాబిన్లోకి ఎక్కేసి కిటికీ పక్క చోటు కోసం తోసుకుంటున్నారు.

అది 1968, దసరా వెళ్లిన పదో రోజు ఉదయం. సాలూరులో రోడ్డు మీదికి మా ఇల్లు, ఇంటి వెనక లారీల షెడ్డు. సామాను తేవడం, లారీ యజమానులతో మాట్లాడడం మా వారి పని. జాబ్ కార్డులు నా పని. ఏ లారీకి ఏ రిపేరు చేశారో రాసి, చేసిన పనిని స్వయంగా చూసి, కింద ‘బాగుంది’ అని సంతకం పెట్టే కాగితమే జాబ్ కార్డు. ఆ సంతకం లేకుండా మా గేటు దాటి లారీ వెళ్లకూడదన్నది మా మామగారు పెట్టిన నియమం. విజయనగరంలో బీయస్సీ ఫిజిక్సు చదివి వచ్చిన కోడలికి ఆయనే ఈ పని అప్పజెప్పారు. ఆడమనిషికి లారీ కింద పనేమిటని మొదట్లో నవ్విన డ్రైవర్లు, రెండో ఏడాదికల్లా తామే కార్డు పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

ఆ ఉదయం అప్పన్న లారీ బియ్యం లోడుతో కొరాపుట్ బయల్దేరుతోంది. దారిలో ఘాట్ ఎక్కాక పొట్టంగిలో మా ఆడపడుచు ఇల్లు. పిల్లల్ని తీసుకుని అక్కడ నాలుగు రోజులు ఉండి రావాలని అదే లారీలో ఎక్కబోయాను. అప్పన్న మా షెడ్డుకు పాత డ్రైవరు, ఇంటి మనిషిలాంటివాడు. నేను మెట్టు మీద కాలు వేస్తుంటే ముందు చక్రం వెనకవైపు వేలు చూపించి, మురిపెంగా చెప్పాడు.

“సూసేరా అమ్మగోరూ. మూడు రోజులు వాన కురిసింది. మీరెట్టిన బొట్లన్నీ కారిపోనాయి. ఇక్కడియి మాత్రం నిలబడిపోనాయి. పైగా రోజురోజుకీ ఎర్రబడతన్నాయి. అమ్మోరు సల్లగా సూత్తన్నాది.”

వంగి చూశాను. స్ప్రింగు పట్టీల కొసను చాసిస్‌కు, అంటే లారీ మొత్తానికీ వెన్నెముకలాంటి ఇనుప చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్టు అది. దానికి ఆరు రివెట్లు. నాలుగింటి తలల కింద ఎర్రటి చార దిగి ఉంది. అప్పన్న దానికి రోజూ దండం పెట్టుకుంటున్నాడట. వాహనానికి పెట్టిన పూజ బొట్టును చేత్తో చెరపకూడదని మా వైపు పట్టింపు. తనంత తాను పోవాల్సిందే. తొమ్మిది రోజులుగా లారీ కడుగుతున్నా ఆ నాలుగు చారల మీద ఎవరూ గుడ్డ వెయ్యలేదు.

నేను వేలితో తుడిచాను. అప్పన్న ముఖం మాడిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి రివెట్ సంగతి చెప్పాలి. రివెట్ అంటే ఒక తలకాయ ఉన్న ఇనుప కడ్డీ ముక్క. దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, కలపాల్సిన రెండు ఇనుప రేకుల్లోనూ వేసిన కన్నంలో దూర్చి, రెండో కొసను సుత్తితో కొట్టి తల కడతారు. చల్లారేటప్పుడు కడ్డీ పొట్టిదవుతుంది. అవుతూ రెండు రేకుల్నీ ఒకదానికొకటి గట్టిగా అదిమేస్తుంది. బరువంతా రివెట్టే మోస్తుందని నేను మొదట్లో అనుకునేదాన్ని. మా మేస్త్రీ సింహాచలం నవ్వి, “మోసీది అది కాదమ్మగోరూ, రేకూ రేకూ కరుసుకున్న పట్టు మోస్తాది. పట్టు ఊడిపోతే ఆ మేకు ముక్క ఏపాటి” అన్నాడు. కాలేజీలో ఏటవాలు బల్ల మీద చెక్కముక్క జారకుండా ఆగడం చూసి ఘర్షణ గురించి పరీక్షలో రాశాను. అది అర్థమైంది మాత్రం ఆయన మాటతోనే.

పట్టు సడలిన రేకులు కంటికి కనపడనంత కదులుతాయి. కదిలి ఒరుసుకుని పొడి రాలుస్తాయి. వాన నీరు తగిలితే ఆ పొడి తుప్పు రంగులో తల కిందినుంచి చారగా దిగుతుంది. మిగతా బొట్లు కారిపోయినా ఈ నాలుగూ ఎందుకు ఎర్రబడుతున్నాయో వేలికి గరుకు తగలగానే తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం పిల్లల్ని దింపాను. దింపడం కూడా కాదు, చెయ్యి పట్టి లాగేశాను. చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. పెద్దది ఏడవకుండా నావైపు కోపంగా చూస్తూ నిలబడింది.

సింహాచలం వచ్చాడు. అరవై దాటిన మనిషి, మా మామగారి కాలంనుంచీ కొలిమి ఆయనదే. ముందు తేలిగ్గా తీసుకున్నాడు. కొత్త రివెట్లని, పదిహేను రోజులైనా కాలేదని, తానే కొట్టానని అన్నాడు. అప్పన్న ఆయన పక్షం చేరాడు.

“మావా, నువ్వైనా సెప్పు. ఎల్లీ బండికి బొట్టు తుడిసీసి ఆపుతారేటి? ఘాట్ ఎక్కాల్నా ఒద్దా?”

నేను చిన్న సుత్తి తెప్పించాను. రివెట్ పరీక్ష చాలా మామూలుది. తలకు ఒక అంచున వేలు ఆనించి, ఎదుటి అంచున సుత్తితో తట్టాలి. గట్టి రివెట్ వేలికి ఏమీ చెప్పదు. వదులైనది వేలి కింద చిన్న పురుగులా ఎగురుతుంది. మొదటిది తట్టాను. ఎగిరింది. రెండోదీ అంతే. సింహాచలం నా చేతిలోని సుత్తి తీసుకుని మూడోది, నాలుగోది తానే తట్టుకున్నాడు. లోడు దింపించమని అప్పన్నకు సైగ చేశాడు.

బియ్యం బస్తాలు దించి, చాసిస్ కింద జాకీలు పెట్టి, ఉలితో రివెట్ తలలు కోశారు. తల తెగిన రివెట్‌ను మామూలుగా గట్టి పోటుతో కొట్టి బయటకు తోయాలి. మొదటిదాని తల తెగగానే కడ్డీ తనంత తానే జారి సింహాచలం పాదం దగ్గర పడింది. తీసి చూశాను. ఒక పక్క గరుకుగా నల్లగా ఉంది. ఇంకో పక్క ఒరుసుకుని వెండిలా మెరుస్తోంది. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డులా సాగిపోయింది. తొమ్మిది రోజులు బొబ్బిలి, విజయనగరం సాపు రోడ్ల మీద సగం లోడుతో తిరిగితేనే ఇలా అయింది. ఆ రోజు నిండు లోడుతో సుంకి ఘాట్ ఎక్కాలి. మలుపులో బ్రాకెట్టు ఊడితే ముందు ఇరుసు ఒక పక్కకు పోతుంది. స్టీరింగు అప్పన్న చేతిలో ఉంటుంది కానీ చక్రం దాని మాట వినదు. ఆ మలుపుల పక్కన ఏముంటుందో మా ఊళ్లో అందరికీ తెలుసు.

అప్పన్న ఆ కడ్డీ ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకుని నేల మీద కూలబడ్డాడు.

“తొమ్మిది రోజులు దీనికి మొక్కినానమ్మగోరూ” అన్నాడు.

సింహాచలాన్ని పక్కకు పిలిచి అడిగాను. ఆయన దాచలేదు.

“ఆయుధపూజ రోజు కదమ్మా. పొద్దు గుంకీలోగా కొలిమి ఆర్పీసి పనిముట్లు కడిగీయాల. రెండు రివెట్లు ఎర్రగానే కొట్టినాను. మిగతా నాలుగూ సగం నలుపెక్కిపోనాయి. మళ్లీ కాలుద్దునా అంటే, కొలిమి ఆర్పమని ఇంట్లోంచి కబురొచ్చీసింది. తల కట్టింది కదాని ఒగ్గీసినాను. తప్పు నాదే.”

నల్లబడిన రివెట్‌ను కొడితే తల కడుతుంది. కానీ అది కుంచించుకునేది అప్పటికే అయిపోయి ఉంటుంది కనక రేకుల్ని అదమదు. బయటికి చూస్తే ఆరూ ఒకేలా ఉంటాయి.

తప్పు నాదేనని ఆయన అన్నాడు గానీ ఆ కబురు పంపినది నేను. పిల్లలకు కొత్త బట్టలు తొడిగి, పళ్లెంలో పసుపూ కుంకుమా కలుపుకుంటూ, వేళ మించిపోతోంది కొలిమి ఆర్పెయ్యమనండి అని చెప్పి పంపాను. అంతటితో అవలేదు. లోపలికి వెళ్లి జాబ్ కార్డు తీశాను. అప్పన్న లారీది, ఆ పూజ రోజు తారీఖుది. ‘ముందు బ్రాకెట్టు, ఆరు రివెట్లు కొత్తవి. బాగుంది.’ నా సంతకం.

ఎలా పెట్టానో గుర్తు చేసుకోవడానికి కష్టపడక్కర్లేకపోయింది. ఆ రోజు పళ్లెంతో షెడ్డులోకి వెళ్లి, కొత్తగా రంగు వేసిన ఆ తలల మీద నా చేత్తోనే ఒక్కొక్కటిగా బొట్లు పెట్టాను. తర్వాత కార్డు గుర్తొచ్చింది. సుత్తి తీసుకున్నాను కూడా. అప్పుడే పెట్టిన బొట్టు మీద సుత్తి వెయ్యడానికి చెయ్యి రాలేదు. సింహాచలం కొట్టినవేగా అనుకుని సంతకం చేసేశాను. వాన రాకపోతే? అప్పన్న మురిసిపోయి చూపించకపోతే? నా రెండో కాలు కూడా మెట్టెక్కి ఉంటే?

మా వారు సాయంత్రం వచ్చాక అంతా చెప్పాను. ఆయన కార్డు తిరగేసి చూసి నా చేతికిచ్చి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు. తిడితే బాగుండేది. పొట్టంగి ప్రయాణం పోయిందని పిల్లలు నామీద అలిగారు. పడుకునేముందు మాత్రం పెద్దది అడిగింది, “బొట్టు తుడిస్తే అమ్మవారికి కోపం వస్తుందని అప్పన్న మామ అన్నాడు. ఎందుకు తుడిచావు?” అని.

ఇది జరిగి కొన్ని నెలలైంది. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను, రాస్తుంటే ఇప్పటికీ ఆ వేలి కొస గరుకెక్కినట్టే ఉంటుంది. ఇప్పుడు మా షెడ్డులో ముందు సుత్తి, తర్వాత సంతకం, ఆ తర్వాతే బొట్టు. కొలిమి ఎప్పుడు ఆర్పాలో సింహాచలం చెబుతాడు, ఇంట్లోంచి కబురు వెళ్లదు. మన్నికైన పనికి కుంకుమ అందమే. పని చూడని కంటికి అదే గంత అవుతుందని నాకు తెలిసింది.

ఆ లారీ ఆపిన మర్నాడు ఉదయం పిల్లల్ని షెడ్డుకు తీసుకెళ్లాను. ఎర్రగా కాల్చి కొట్టిన ఆరు కొత్త రివెట్లూ చూపించాను. పెద్దదాని వేలు ఒకదానికి ఒక అంచున ఆనించి, ఎదుటి అంచున తట్టి, కదిలిందా అని అడిగాను. లేదంది. చిన్నవాడూ ముట్టుకుని లేదన్నాడు. తర్వాత మెరిసే ఆ పాత కడ్డీ ముక్క వాళ్ల ముందు పెట్టి, జాబ్ కార్డు మీద నా సంతకం చూపించాను.

“అమ్మవారికి కోపం వచ్చేది బొట్టు తుడిచినందుకు కాదమ్మా” అన్నాను. “నిన్న మీరు ఎక్కిన లారీకి బాగుందని రాసింది నేను. చూడకుండా రాశాను.”