తారీఖు లేని మాట

అది 1957 మే నెల, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ధర్మపురిలో కరీంనగర్ బస్సు ఎక్కిన ఒక వృద్ధుడు నా పక్కన కూర్చున్నాడు. ఆయన ఒడిలో పసుపు గుడ్డ మూట ఉంది.

"గంగమ్మకు ఒడిబియ్యం, సారూ. బాయిల నీళ్లు పడ్డనాడు పొయ్యాలె గద," అన్నాడు.

"నీళ్లు పడ్డాయా?"

"ఇంకా పడలే. ఏడేండ్ల సంది తవ్వుతున్నం. గీ యేడు పడకుంటే నా కొడుకులు భూమి ఇడిసిపెట్టి బొగ్గుబాయిలకు పోతరట."

బావుల లోతులు కొలవడమే నా ఉద్యోగం. ఎన్ని గజాలు తవ్వారని అడిగాను. పదిహేను గజాలనీ, అడుగున నల్లరాయి తగిలిందనీ చెప్పాడు. ఆ లెక్కకు ఇక ఆశ లేదని, తవ్వకం మానుకోమని స్పష్టంగా చెప్పాను.

ఆయన నవ్వాడు. "నర్సింహసామి కలల మాటిచ్చిండు సారూ, తారీఖు ఇయ్యలే. మీ అసొంటోళ్లు అడిగితే ఇస్తుండెనేమో!"

జగిత్యాలకు ముందే, ఊరేదీ లేని చోట ఆయన దిగిపోయాడు. అప్పుడు కిందికి చూశాను. ఆయన పాదాలు ఆనిన చోట రెండు తడి ముద్రలు, వాటి చుట్టూ నల్లని బురద. బస్సు ఎక్కినప్పుడు ఆయన కాళ్లకు దుమ్ము తప్ప మరేమీ లేదు.

"ఎవలయ్యా నీళ్లు పారవోసింది? ఈడ తాగనీకే దిక్కులేదు!" అని కండక్టర్ కసిరాడు.

నేను చెప్పు విడిచి ఆ తడి మీద కాలు పెట్టాను. ఎండకు కాలుతున్న ఇనుప రేకు మీద అది లోతు బావి నీటిలా చల్లగా ఉంది.

ఆ తరువాత పదకొండేళ్లు అదే ఉద్యోగం చేశాను. బావి లోతు ఎంతో చెప్పేవాణ్ణి గాని, తవ్వకం మానుకోమని మళ్లీ ఎవరికీ చెప్పలేదు.