సమాధుల నీళ్ళ మీద నల్లతల పక్షి

ఉదయగిరి నుంచి బదిలీ మీద ఆత్మకూరు వచ్చి సైన్సు చెబుతున్న రోజులవి. నా దగ్గర పక్షుల పుస్తకం ఒకటి ఉండేది. అది ఉన్నందుకే నాకు పక్షులు తెలుసని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవాలని, సోమశిల రిజర్వాయరులో చేపలు పట్టే ఒకాయన డిసెంబరులో ఏదో కొత్త పక్షి వాలిందని భయపడుతూ వస్తే తీర్పు చెప్పేశాను: "అది సముద్రం నుంచి వచ్చిన గల్ పక్షి. తల తెల్లగా ఉంటుంది. ఎవరినీ ఏమీ చెయ్యదు."

ఫిబ్రవరిలో ఆయన ఇంటికొచ్చాడు.

"సారూ, దాని తల నల్లగా అయిపొయ్యింది. ఐదు దినాలాయ నీళ్ళలోకి పుట్టి దించి. మా ఇంట్లోది పోనియ్యడం లేదు. పొయ్యి వెలిగేదెట్ట?"

దాని తల నల్లబడితే నా మొహం నల్లబడింది. పుస్తకం తీస్తే, నేను తిప్పని పేజీలో అదే పక్షికి రెండో బొమ్మ. పెద్ద నల్లతల గల్. జతకట్టే కాలానికి తల నల్లబడుతుందట. పెళ్ళి ముస్తాబును చూసి మనం జడుసుకున్నామన్నమాట.

"రంగు మారిందంతే" అన్నాను.

"అట్టయితే మీరూ రాండి సారూ, పుట్టిలో."

మర్నాడు పొద్దున మంచులో నీళ్ళేవో ఆకాశమేదో తెలియలేదు. రిజర్వాయరులో మునిగిపోయిన ఆయన ఊరి సమాధుల తోట ఉన్నచోట, పక్షి ఒంటరిగా తేలుతోంది. బాతు కన్నా పెద్దది. పసుపు ముక్కు, కొసన ఎరుపు. నల్లటి తలలో కంటి పైనా కిందా తెల్లటి గీతలు. మూసినా తెరిచినట్టే ఉండే కన్ను. మేం దగ్గరకెళ్ళినా లేవలేదు. ఎవరో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి బొంగురుగా అరిచింది.

"ఎప్పుడూ ఈడే ఎందుకుంటాది సారూ? మా నాయన ఈడనే ఉండాడు" అన్నాడాయన, తెడ్డు ఆపి.

సమాధుల మీద వాళ్ళెవరూ వల వెయ్యరు. వల పడని చోట చేపలు నిశ్చింతగా పెరుగుతాయి. ఆ సంగతి పక్షి కనిపెట్టింది. అదే చెప్పాను.

ఆయన నీళ్ళలోకి వంగి చూశాడు. "అంటే మా నాయన దీనికి కూడు పెడతా ఉండాడు. బతికినప్పుడూ అంతే. మాకు లేకపొయినా ఊరోళ్ళకి పెట్టేటోడు."

పుట్టిని సమాధుల అవతలికి మళ్ళించి, వల భుజానికెత్తుకున్నాడు. అయినా విసరలేదు. వెనక మంచులోంచి పక్షి మళ్ళీ అరిచింది.

"ఆఁ, ఏస్తన్నా నాయనా" అని, వెనక్కి చూడకుండానే వల విసిరాడు.