గులాబీ రిబ్బను బ్యాడ్జీ

చింతామణి, శుక్రవారం. ఈ రోజు నాలుగు సేర్ల రాగులు విసిరాను, ఎనిమిది బిందెల నీళ్ళు తోడాను, పాత పెట్టె సర్దాను. పెట్టెలో ఆసుపత్రి ప్రారంభోత్సవంనాటి గులాబీ రిబ్బను బ్యాడ్జీ దొరికింది. అది పొరుగింటి వెంకటప్పగారిది. ఆ రోజు మా ఆయన తన బ్యాడ్జీ పోగొట్టుకుని, దాన్ని అడిగి పెట్టుకుని లోపలికి వెళ్ళారు. బ్యాడ్జీ లేనివాళ్ళను రానివ్వలేదు కాబట్టి, పది రోజులు పందిరి పని చేసిన వెంకటప్పగారు ఆ పందిరి తడిక బయటే నిలబడిపోయారు. పోయిన నెల ఆయన చనిపోయారు.

బ్యాడ్జీని ఆయన భార్య నరసమ్మకు ఇచ్చి, జరిగింది చెప్పి, మన్నించమన్నాను.

"అయితే ఆయప్ప లోపలికి పోనేలేదామ్మా? ముందు కుర్చీలో కూచుంటినని చెప్పిండెనే! మనవళ్ళకీ నేను అదే చెప్తాండానే!"

తర్వాత ఆమె బ్యాడ్జీ వైపు చూడలేదు. ఏమీ చెప్పకుండా ఇచ్చి రావలసింది. మీరైతే ఏం చేసేవారు?

మా ఇంటి బాకీ మాత్రం తీరింది.