చేపల కుండ, వెయ్యి గరికలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. నిమ్మకాయంత విషయాన్ని గుమ్మడికాయంత చేయకపోతే నాకు అన్నం సయించదు. కాబట్టి కింద రాసినదాంట్లోంచి మీకు తోచినంత తరుగు తీసేసుకుని చదవండి.

మా అపార్ట్‌మెంటు ముందు ఈమధ్య ప్లాస్టిక్ గడ్డి పరిచారు. మధ్యాహ్నమయ్యేసరికి ఎండకు అది కాలిన రెయిన్‌కోటు వాసన కొడుతుంది. ఆ వాసన ఐదో అంతస్తు దాకా ఎక్కి, మా వంటింట్లో దూరి, పప్పుచారులో దిగి కూర్చుంటుంది. నీళ్లక్కర్లేదు, మందులక్కర్లేదు, కనుక ఇది పర్యావరణానికి మేలని అసోసియేషన్ సెక్రటరీ గారు మీటింగు పెట్టి మరీ చెప్పారు. మందుల్లేకుండా గడ్డి పెంచడమంటే ఏమిటో, దానికోసం ఒక సంసారం ఎన్ని పాట్లు పడాలో చెబుదామని నేను లేస్తే మైకు లాగేసుకున్నారు. అక్కడ చెప్పనివ్వనిదే ఇక్కడ చెబుతున్నాను.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి మల్కాపురంలో ఇల్లు తీసుకున్నాడు. పొద్దున ఆరేసిన తెల్ల బనీను పోర్టు దుమ్ముకు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే ఆ చోట, ఇంటిముందున్న నాలుగు మంచాల జాగాలో గరిక పచ్చిక పెంచాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అమ్మ తోటకూర వేద్దామంది. తోటకూర తింటే అయిపోతుంది, పచ్చిక చూసినా అయిపోదు అన్నాడు నాన్న. పైగా యూరియా గడప తొక్కకూడదని, పురుగుమందు పేరెత్తకూడదని ఒట్టు. ఒట్టు వేసుకున్నది ఆయన, మోసింది మేము.

వేసవిలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ దగ్గుకుంటూ. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు, మజ్జిగ గిన్నె తొలిచిన నీళ్లు, అన్నీ గడ్డికే. అవి చాలక, స్నానాలు కూడా గడ్డిమీదే చేయాలని నాన్న నాకూ చెల్లికీ హుకుం జారీ చేశాడు. సబ్బు నురగ గడ్డి వేళ్లకు పడదట, అందుకని శనగపిండి. పదేళ్లవాణ్ణి, వీధికి ఎదురుగా, ఒళ్లంతా శనగపిండి పట్టించుకుని, నీళ్లు ఒకేచోట పడకుండా గుండ్రంగా తిరుగుతూ పోసుకుంటుంటే, షిఫ్టు దిగి వెళ్లే జనం సైకిళ్లు ఆపి చూసి, ఇంక నూనెలో వెయ్యడమే తరువాయి అని పోయేవారు.

వానలు పడ్డాక తుంగ లేచేది. మందు కొట్టకూడదు గనక ఇంటిల్లిపాదీ గొంతుక్కూర్చుని, కాల్లో ముల్లు తీసినట్టు ఒక్కొక్క తుంగగడ్డనూ తవ్వి తీయాలి. ఆకు తెగి గడ్డ లోపలే ఉండిపోతే నాన్న మొహం పన్ను పీకించుకున్నవాడి మొహంలా అయ్యేది. నా చేత్తో పీకిన తుంగతో చాప నేస్తే సింహాచలం కొండకు రెండు చుట్లు వచ్చేది. చలికాలంలో మంచుకు తడిసిన ఆకుల మీద నల్లదుమ్ము అంటుకుంటే, తడిగుడ్డ పెట్టి పోచపోచనీ తుడవాలి. మా అమ్మ నా మొహం ఏనాడూ అంత శ్రద్ధగా తుడవలేదు.

వీటన్నిటికీ తాతలాంటిది, ఆషాఢమాసంలో నాన్న పెట్టే కుండ. మాది చేప ముట్టని ఇల్లు. కానీ కొబ్బరిచెట్ల మొదళ్లలో చేపలు పాతడం చూస్తూ పెరిగిన నాన్న, గడ్డికి కూడా అదే బలమని తేల్చుకున్నాడు. పక్కింటి అప్పలనర్సమ్మ గంపెత్తుకుని చేపలమ్మేది. మా పిల్లికి కావాలని చెప్పి, ఆవిడ దగ్గర తలకాయలూ పేగులూ తెచ్చి, సమానంగా బెల్లం కలిపి, కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి పెరట్లో పెట్టేవాడు. మాకు పిల్లి లేదు. నెల తర్వాత ఆ గుడ్డ విప్పిన పూట మల్కాపురం కాకులన్నీ కట్టగట్టుకుని కంచరపాలెం వలసపోయేవి. అమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని అన్నం వడ్డించేది. ఆ రసం గరిటెడు బకెట్టు నీళ్లలో కలిపి పోస్తే మాత్రం, పదిరోజుల్లో గడ్డి చిలకలు కూడా సిగ్గుపడే రంగు తిరిగేది.

సరిగ్గా అప్పుడే వినాయకచవితి వచ్చేది. వీధివీధంతా గరిక కోసం మా గుమ్మంలోనే. దేవుడికంటే కాదనలేక నాన్న ఇంటికి ఇరవై ఒక్క కొనల చొప్పున తనే కోసి ఇచ్చేవాడు. ఆ గరిక ఏం తిని పెరిగిందో నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఐదో ఏడు, పండగ ముందురోజు, అప్పలనర్సమ్మ ఖాళీ గంపతో వచ్చింది. మొగుడు పోయాక ఆ గంపమీదే కొడుకును చదివించిన మనిషి. రెండేళ్లు ఎదురుచూశాక అతనికి స్టీలు ప్లాంటు నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది.

“ఎయ్యి గరికిలెడతానని మొక్కీసుకున్నాను బాబూ. ఈ సుట్టుపక్కల పచ్చగున్నది నీ గుమ్మవొక్కటే.”

వెయ్యి కొనలంటే పచ్చికకు గుండు. నాన్నకు ఒకటే దారి కనిపించింది: ఇది చేపలు తిన్న గరిక, పూజకు పనికిరాదని నిజం చెప్పేయడం. చెబితే గడ్డి బతుకుతుంది. కానీ నాలుగేళ్లుగా వీధిలో ప్రతి వినాయకుడికీ చేపల గరిక పెట్టించిన మనిషిగా తను బతకలేడు. లోపలికీ బయటికీ తిరిగాడు, దగ్గాడు, మంచినీళ్లు తాగాడు. చూసీ చూసీ అమ్మకు విసుగెత్తి, కుండ సంగతి మొత్తం ఆవిడకు తనే చెప్పేసింది.

అప్పలనర్సమ్మ గంప దించి కూర్చుంది.

“మీ ఇంట్లో పిల్లి నేదని నాకు తెల్దేటమ్మా? తలకాయలిచ్చిందాన్ని నాను. పిల్లికి బెల్లవెవులెడతారు?” తర్వాత నాన్న వైపు తిరిగింది. “రోజూ సేపలు కోసిన సేత్తోనే సామికి దండవెడతన్నాను బాబూ. ఈ సెయ్యి వద్దనని సామి ఆ గరికి వద్దంటాడేటి?”

నాన్న వెళ్లి అమ్మ కుట్టుకత్తెర తెచ్చుకుని, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మళ్లీ చిగురించేలా కణుపు వదిలి ఒక్కొక్క కొనా కోసి ఇస్తుంటే, ఆవిడ లెక్కపెట్టి గంపలో వేసుకుంది. పొద్దువాలేసరికి మా పచ్చిక ఈకలు పీకిన కోడిలా ఉంది. దసరాకల్లా గడ్డి రెండింతలు లేచింది. దీపావళికి వాళ్లబ్బాయి స్టీలు ప్లాంటు యూనిఫారం వేసుకుని వచ్చి మాకు మిఠాయి పంచాడు.

మొన్నామధ్య వెళ్లి చూశాను. ఆ జాగాలో టైల్సు పరిచి మోటారుసైకిళ్లు నిలిపారు. చవితి గరిక ఇప్పుడు రబ్బరుబ్యాండు వేసి, కవర్లో పెట్టి అమ్ముతున్నారు. అది ఏ గుమ్మంలో పెరిగిందో, ఎవరు తుంగ పీకి పెంచారో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ అక్కర్లేదు. మా ప్లాస్టిక్ గడ్డి మీదయితే చెప్పులతో నడవకూడదని బోర్డు పెట్టారు.

ఇక నిజం చెప్పాలి. శనగపిండి నిజం. కాకులు నిజం. తుంగచాప కొండకు ఒక చుట్టే వచ్చి ఉంటుంది. కల్పించింది ఒక్కటే, ఆ దీపావళి సంగతి: వాళ్లబ్బాయికి ఆ ఉద్యోగం రాలేదు. మిఠాయి ఎవరూ పంచలేదు. మరుసటేడు చవితికి ఆవిడ మా గుమ్మంలోకి రాలేదు. పొద్దెక్కేదాకా చూసి, నాన్న కత్తెర తీసుకుని కూర్చుని వెయ్యి కొనలూ కోశాడు. తడిగుడ్డలో చుట్టి, పక్కింటి తలుపు కొట్టకుండా, అరుగుమీదున్న ఆవిడ గంపలో పెట్టి వచ్చాడు.