గోల్‌ఘర్ మెట్ల మీద జగదాంబ

జగదాంబకు నీళ్లంటే భయం. ఆమెకు ఏడేళ్లప్పుడు వంశధార పొంగి ఊళ్లోకి వచ్చింది. పిల్లల్ని పశువులశాల కప్పు మీదకి ఎక్కించి రెండు రోజులు అక్కడే ఉంచారు. మొదటి రోజంతా కింద కట్టేసిన గేదెలు అరిచాయి. రెండో రోజు అరవలేదు. ఆ తర్వాత ఆమె నూతిలోకి కూడా తొంగిచూసేది కాదు.

పెళ్లయి టాటానగర్ వస్తే అక్కడా రెండు నదులు. భర్త గణపతిరావు లోకోషెడ్‌లో ఫిట్టరు. బాగ్‌బేడాలో రైల్వే క్వార్టరు. మాంగోలో ఉన్న చెల్లెలింటికి వెళ్లాలంటే సువర్ణరేఖ వంతెన దాటాలి. రిక్షా వంతెన ఎక్కగానే జగదాంబ కళ్లు మూసుకునేది. గణపతిరావు పక్కన కూర్చుని, "అయిపోయిందే, తెరు," అని వంతెన మధ్యలోనే అబద్ధం చెప్పేవాడు. తెరిచి చూసి ఆమె కెవ్వుమంటే పది రోజులు షెడ్‌లో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

డెబ్బై అయిదు ఆగస్టులో పాట్నా ప్రయాణం పెట్టాడు. రైల్వే పాస్ వాడకపోతే మురిగిపోతుందని అతని బెంగ. తల్లి నూకాలమ్మకు పట్నదేవి అమ్మవారిని చూడాలని ఎప్పటినుంచో ఉంది. పక్క క్వార్టరు సిక్కావిడ తమ పదో గురువు పుట్టిన చోటు కూడా అక్కడే అని, ఆ గురుద్వారా చూసి తీరాలని చెప్పింది.

"వానాకాలం. గంగ ఒడ్డున ఊరు. దసరా వెళ్లాక పోదాం," అంది జగదాంబ.

"గంగ నీ కోసవే కాసుకూకుందేటి?" అన్నాడు గణపతిరావు.

పిల్లలిద్దరినీ మాంగోలో చెల్లెలి దగ్గర వదిలి ముగ్గురూ రైలెక్కారు.

మొదటి రోజు పాత ఊరంతా తిరిగారు. అశోక్ రాజ్‌పథ్ మీద రిక్షాలు, ఎక్కా గుర్రబ్బళ్లు, ఎద్దుబళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. ఇరుకు సందుల్లో పాతకాలం ఇళ్ల చెక్క బాల్కనీలు నెత్తి మీదకి వంగి ఉన్నాయి. పట్నదేవి గుడిలో నూకాలమ్మ అమ్మవారికి గాజులు పెట్టింది. గురుద్వారాలో తల మీద కొంగు కప్పుకుని నేల మీద వరసలో కూర్చుని రొట్టె, పప్పు తిన్నారు. తర్వాత నూకాలమ్మ గంగలో మునుగుతానంది. జగదాంబ గట్టు మీద నుంచి చూసింది. అవతలి ఒడ్డు కనబడలేదు. బురద రంగు నీళ్లు చప్పుడు లేకుండా, చాలా వేగంగా పోతున్నాయి. ఆఖరి మెట్లు మునిగిపోయి ఉన్నాయి.

"రోజూ ఇంతేనా?" అని అక్కడ పూలమ్మే ఆమెని హిందీలో అడిగింది.

"ప్రతి ఏడూ ఇంతే. పైన వానలు బాగా పడుతున్నాయట," అంది ఆమె.

ఆ రాత్రి సత్రంలో జగదాంబకు నిద్ర పట్టలేదు. తెల్లారి, "ఇంటికి పోదాం," అంది. గణపతిరావు, "గోల్‌ఘర్ ఒక్కటీ సూసీసి సాయంత్రం బండికి పోదాం," అన్నాడు.

గోల్‌ఘర్ రెండు వందల ఏళ్ల కిందట, పెద్ద కరువు తర్వాత దొరలు ధాన్యం దాచడానికి కట్టించిన గిడ్డంగి. బోర్లించిన పెద్ద కుండలా ఉంటుంది. దాని ఒంటిని చుట్టుకుంటూ చెరోవైపు నుంచి మెట్ల వరసలు పైకి పోతాయి. నూట నలభై అయిదు మెట్లు. గణపతిరావు వాళ్లిద్దరినీ అక్కడ దింపి, బెర్తులు చూసి వస్తానని స్టేషనుకు పోయాడు. నూకాలమ్మకు మోకాళ్ల నొప్పి. "నువ్వెక్కి సూసిరా, నాను ఈ సెనగలోడి బల్ల మీద కూకుంటాను," అంది.

జగదాంబ పైకెక్కింది. సన్నగా జల్లు పడుతోంది. పైన పది పదిహేను మంది ఉన్నారు. ఉత్తరాన గంగ. అటు చూడకూడదని పడమటి వైపు తిరిగింది. దూరంగా రోడ్డు మెరుస్తోంది. వాన తడేమో అనుకుంది. కానీ ఆ మెరుపు కదులుతోంది. ఒక ఇంటి గోడ దాటింది. తర్వాత ఒక రిక్షా దాని మధ్యలో ఆగిపోయింది. రిక్షావాడు దిగి, రిక్షాని వదిలేసి పరుగెత్తడం చిన్నగా, బొమ్మలా కనిపించింది.

"పానీ! పానీ ఆ రహా హై!" అని కింద ఎవరో అరిచారు.

అంతే. మైదానం వైపు నుంచి, రోడ్డు వైపు నుంచి జనం గోల్‌ఘర్ మీదకి పరుగెత్తారు. సోన్ నది కట్ట తెగిందని ఒకరు, గంగే తిరగబడిందని ఒకరు. పిల్లలు, మూటలు, ఒకడి చంకలో మేక. జగదాంబ ఎక్కి వచ్చిన మెట్లు నిండిపోయాయి. నూకాలమ్మ వాళ్లలో లేదు.

జగదాంబ కాళ్లు బిగుసుకుపోయాయి. కిందికి దిగకపోతే ఎవరూ ఏమీ అనరు. దారి లేకపోయిందని చెప్పుకోవచ్చు. ఆ మాట మనసులోకి వచ్చిందని ఆమె తర్వాత ఎప్పుడూ దాచుకోలేదు. అవతలి మెట్ల వరస వైపు జనం ఇంకా తక్కువగా ఉన్నారు. పమిట కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి వీపు ఆనించి, పక్కవాటుగా ఒక్కో మెట్టే దిగింది. ఎక్కేవాళ్లు తోశారు, తిట్టారు. "పాగల్ హై క్యా?" అని ఒకాయన చెయ్యి పట్టి ఆపబోయాడు. విదిలించుకుంది.

ఆఖరి మెట్టు దగ్గర నీళ్లు. చీలమండ దాకా ఉన్నాయి, చల్లగా. కాలు పెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసేసింది. మూడోసారి ఎలా పెట్టిందో ఆమెకే తెలియదు. గోడని తడుముకుంటూ ఆ పెద్ద కట్టడం చుట్టూ సగం తిరిగి అవతలి వైపు వచ్చేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి.

నూకాలమ్మ బల్ల మీద నిలబడి ఉంది. సెనగలవాడు లేడు.

"అత్తా! దిగు!"

"నువ్వెందుకొచ్చావే? నా కొడుకు బండేసుకుని వత్తాడు, నాను ఆడితో వత్తాను."

"ఏ బండీ రాదు. దిగు అత్తా, నాకు భయమేత్తంది, బేగి దిగు!"

నూకాలమ్మ దిగింది గానీ నీళ్ల లాగుడుకి మోకాళ్లు నిలవలేదు. జగదాంబ ఆమెని వీపు మీద వేసుకుంది. పది గజాల దూరం. ఏడుస్తూ నడిచింది. మెట్ల మీదకి చేరాక ఎవరో ముసలామెని అందుకుని పైకి లాగారు. జగదాంబ కూర్చున్న చోటనుంచి లేవలేకపోయింది. కింద ఒక్కో మెట్టూ మునుగుతుంటే లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయింది. నాలుగో మెట్టు మునిగాక నీళ్లు ఆగాయి.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ పడవ రాలేదు. అప్పటికి నూకాలమ్మకు ఒళ్లు కాలిపోతోంది. పడవలోంచి జవాను చెయ్యి చాచాడు. జగదాంబ వెనక్కి జరిగింది. "మా అత్తని తీసుకుపో, నేను రాను," అంది. జవాను నవ్వలేదు. "మాయీ, కళ్లు మూసుకో. నేను చెప్పినప్పుడు తెరు," అన్నాడు. తెరవమని అతను చెప్పేసరికి పడవ నిజంగానే ఒడ్డుకి ఆని ఉంది.

పాత ఊరు ఎత్తు మీద ఉండడంతో అక్కడ నేల పొడిగా ఉంది. గురుద్వారాలో వరద బాధితులకి చోటిచ్చారు. అక్కడే నూకాలమ్మకు జ్వరం మందు దొరికింది. గణపతిరావు కబురు లేదు. రైళ్లు ఆగిపోయాయి. ఎన్ని శవాలు తేలాయో రోజుకొకరు ఒక లెక్క చెబుతున్నారు. జగదాంబ గుమ్మం దగ్గర కూర్చుని వచ్చే ప్రతి మగమనిషి చొక్కా చూసేది. మాంగోలో పిల్లలు అడిగితే ఏం చెప్పాలో మనసులో వందసార్లు అనుకుంది.

నాలుగో రోజు అతను వచ్చాడు. గడ్డం పెరిగి, చెప్పులు లేకుండా. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. తర్వాత జగదాంబని పక్కకి పిలిచాడు.

"అందరికీ ఎతికానని సెప్తాను గానీ, నీకు అబద్దం సెప్పలేను. టేసన్ బయట మోకాల్లోతు నీల్లు. రెండడుగులు ఏసాను. కాల్లు కదల్నేదు. ఎనక్కెల్లి టేసన్ వంతెన మీద కూకున్నాను. మూడు దినాలు, నీల్లు తీసేదాకా."

కోపం వస్తుందనుకుంది జగదాంబ. రాలేదు.

"ఆ రెండడుగుల సంగతి నాకు తెల్దేటి," అంది.

కానీ గోడ పక్కన పడుకున్న నూకాలమ్మ వింది. దసరా దాకా కొడుకుతో మాట్లాడలేదు. కాలనీలో మాత్రం కోడలి కథ ఇంటింటికీ చెప్పింది. చెప్పిన కొద్దీ నీళ్లు మోకాళ్ల నుంచి మెడ దాకా పెరిగాయి. "మా జగదాంబకి భయవే తెల్దు," అనేది. జగదాంబ వింటే ఊరుకునేది కాదు. "నేదు, సచ్చేంత భయవేసింది. ఇప్పుడూ భయవే. నీల్లు మోకాల్లోతే," అని సరిదిద్దేది.

తర్వాతి ఏడు పాస్ వచ్చినప్పుడు ఎక్కడికెళ్దామని గణపతిరావే భార్యని అడిగాడు. ఏ ఊరైనా సరే, వానలు వెళ్లాక అంది. డిసెంబరులో గయ వెళ్లారు. విష్ణుపాదం చూసి ఫల్గు నది దగ్గరికి వచ్చారు. ఎటు చూసినా ఇసుకే. నీళ్లు కావాలంటే చేత్తో తవ్వుకోవాలి. అయినా జగదాంబ గట్టు దిగలేదు. గణపతిరావూ ఆమె పక్కనే నిలబడిపోయాడు. నూకాలమ్మ ఒక్కతే నది మధ్యకి నడిచి వెళ్లి, కూలబడి, ఇద్దరినీ గట్టిగా తిట్టుకుంటూ ఇసుక తవ్వడం మొదలుపెట్టింది.